సిలికాన్ పట్టు నిలవాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

ముందుగా పేరు గొడవ. కంప్యూటర్ చిప్పుల్లో ఉండే సిలికాన్ ఒక మూలకం. మనం సందుల్లో నింపేది, అచ్చులు పోసేది, పూతగా వేసేది ఆ మూలకం నుంచి తయారైన పాలిమర్, అంటే పొడవాటి గొలుసు అణువుల పదార్థం. పుస్తకాల్లో దాన్ని సిలికోన్ అంటారు. షాపుకెళ్ళి ఆ మాట అంటే మాత్రం అటునుంచి "సిలికానా సార్?" అనే ఎదురు ప్రశ్న వస్తుంది. అందుకే ఇక్కడ బజారు మాటే వాడాను.

బాత్రూంలో కొట్టించిన సిలికాన్ ఆరు నెలలకే పట్టీలా ఊడి వచ్చేసింది. సరుకు నకిలీదా?

ఊడిన పట్టీని పారేయకండి, వెనక్కి తిప్పి చూడండి. టైల్‌కి ఆనిన వైపు నున్నగా మెరుస్తుంటే సిలికాన్ తెగలేదు, పట్టు వదిలేసింది. దీన్ని మొదలంటా ఊడటం అందాం. అలా కాకుండా టైల్ మీద కొంత, చేతిలో కొంత మిగిలి మధ్యలో చిరిగి ఉంటే పట్టు బాగానే ఉంది, పదార్థమే బరువుకో కదలికకో తాళలేకపోయింది. రెండింటి మందూ వేరు. మొదటిదానికి ఖరీదైన ట్యూబు కొన్నా లాభం లేదు. రెండోదానికి ప్రైమర్ (పట్టు కోసం ముందుగా పూసే ద్రవం) పూసినా లాభం లేదు. నాకు వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం మొదటి రకమే. అయినా తిట్లు మాత్రం ట్యూబుకే పడతాయి.

బాత్రూంలో సాధారణంగా దొరికే దోషులు ఇవి: టైల్ మీద కంటికి కనపడని సబ్బు పొర, బోరు నీళ్ళు ఆరి మిగిల్చిన తెల్లటి ఉప్పు, ఇంకా తడి ఆరని సందు. వీటిని మించినది ఒకటుంది. సిలికాన్‌ని వేలితో నునుపు చేయడానికి మేస్త్రీ పక్కన పెట్టుకునే సబ్బు నీళ్ళ మగ్గు. ఆ నీళ్ళు ఇంకా సిలికాన్ వేయని పక్క సందులోకి జారితే అక్కడ పట్టు పోయినట్టే. నునుపు చేయడానికి పొడి గరిటె చాలు.

నకిలీ సరుకు లేదని కాదు. చవక సిలికాన్‌లో మినరల్ ఆయిల్ కలిపి పలచన చేస్తారు. ఆ నూనె నెమ్మదిగా బయటికి పోయి పట్టీ కుంచించుకుంటుంది, అంచులు లేస్తాయి. ఇంట్లోనే తెలుసుకునే చిట్కా ఒకటుంది: పలచటి పాలిథిన్ కవరు మీద సిలికాన్‌ని పలచగా పూసి గట్టిపడనివ్వండి. నూనె కలిసి ఉంటే కవరు ముడతలు పడి వంకర తిరుగుతుంది. మంచి సరుకైతే కవరు చదునుగానే ఉంటుంది.

అసలు సిలికాన్‌కి పట్టు ఎందుకు తక్కువ?

మన సిలికాన్ గొలుసులో సిలికాన్ మూలకపు పరమాణువులు, ఆక్సిజన్ పరమాణువులు ఒకటి విడిచి ఒకటి ఉంటాయి. ఆ గొలుసు చాలా మెత్తగా, ఎటైనా తిరిగేలా ఉంటుంది. అందుకే మైనస్ 120 డిగ్రీల సెల్సియస్ దాకా కూడా అది గాజులా పెళుసెక్కదు. గొలుసుకు రెండు వైపులా మిథైల్ గుంపులు (ఒక కార్బన్, మూడు హైడ్రోజన్‌ల జట్లు) వేలాడుతుంటాయి. గొలుసు తేలిగ్గా తిరుగుతుంది కాబట్టి ఆ మిథైల్ గుంపులన్నీ బయటి ముఖం మీదికి వచ్చి పరుచుకుంటాయి. పక్కవాడితో చేయి కలిపే గుణం వాటికి లేదు. ఫలితంగా ఉపరితల శక్తి మీటరుకు 20 నుంచి 22 మిల్లీన్యూటన్లే ఉంటుంది. నీటికి అది 72, పాలీప్రొపిలిన్ ప్లాస్టిక్‌కి 30 దరిదాపు.

ఇక్కడ రెండు విషయాలు కలగాపులగం అవుతుంటాయి. ద్రవంగా ఉన్న సిలికాన్ దేని మీదైనా చక్కగా పాకుతుంది, ఎందుకంటే తన శక్తి దాదాపు అన్నిటికన్నా తక్కువ. అలా పరుచుకున్నంత మాత్రాన పట్టు ఉన్నట్టు కాదు, మధ్యలో రసాయన బంధం కూడా కుదరాలి. ఇక గట్టిపడిన సిలికాన్ మీద వేరే ద్రవాలు చాలావరకు పాకవు, నీళ్ళయితే తామరాకు మీద నీటిబొట్టులా ముడుచుకుంటుంది. సిలికాన్ అచ్చుకు కేకు అంటకుండా ఉండటానికీ, స్టిక్కర్ వెనక కాగితం సుళువుగా ఊడటానికీ ఇదే గుణం పనికొస్తోంది. ఒకచోట వరమైనది మరోచోట శాపం.

మరి అద్దానికి మాత్రం బ్లేడు పెట్టి గోకినా రాదేం?

అద్దం కూడా సిలికాన్ మూలకం, ఆక్సిజన్‌ల అల్లికే. దాని ముఖం మీద సిలనాల్ గుంపులు (సిలికాన్ మూలకానికి అంటుకున్న ఆక్సిజన్-హైడ్రోజన్ జంటలు) దండిగా ఉంటాయి. ట్యూబులోంచి వచ్చిన సిలికాన్ గాలిలోని తేమతో గట్టిపడేటప్పుడు దాని చివర్లలోనూ సిలనాల్ పుడుతుంది. రెండూ కలిసి మధ్యలో నీరు వదిలేసి, అద్దంలో ఉన్న బంధంతోనే ఒకటైపోతాయి. అద్దం, పింగాణీ, గ్రానైట్, యానొడైజింగ్ చేసిన (విద్యుత్తుతో పైన ఆక్సైడ్ పొర పెంచిన) అల్యూమినియం, ఇవన్నీ ఇలా కలిసొచ్చే ముఖాలు. ఇనుము కొంత నయం. రాగి, జింక్ అంతంత మాత్రం. సున్నపురాయి బాగా బలహీనం. గ్రాఫైట్, పాలిథిన్, టెఫ్లాన్‌లకు అసలు చేయి కలిపే గుంపులే లేవు.

సిలేన్ అంటారు, అదేంటి? మేమే కలిపి వాడుకోవచ్చా?

రెండు భాషలు వచ్చిన మధ్యవర్తి అనుకోండి. అణువుకు ఒక చివర గాజుతో, లోహంతో మాట్లాడే మిథాక్సీ లేదా ఇథాక్సీ గుంపులు మూడు ఉంటాయి. రెండో చివర పాలిమర్‌తో మాట్లాడే గుంపు ఒకటి. 1940లలో గాజు పీచును పాలియెస్టర్ రెజిన్‌తో కలిపి పడవలు, విమాన భాగాలు చేసేవాళ్ళకు తడి తగిలితే బలం సగానికి పడిపోయే సమస్య వచ్చింది. దానికి విరుగుడుగా ఈ సిలేన్లు వాడుకలోకి వచ్చాయి. తర్వాత అన్ని రంగాలకూ పాకాయి. పన్ను మీద పింగాణీ తొడుగు అతికించే దంతవైద్యుడు కూడా ముందుగా దాని లోపలి ముఖాన్ని హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో గరుకు చేసి, సిలేన్ పూస్తారు.

ఏ సిలేన్ అన్నది రెండో చివరను బట్టి ఉంటుంది. ఎపాక్సీకి, పాలీయురేథేన్‌కి అమైనో సిలేన్. ఎక్రిలిక్, పాలియెస్టర్ రెజిన్లకు మెథాక్రిలాక్సీ సిలేన్. ప్లాటినం లేదా పెరాక్సైడ్‌తో గట్టిపడే సిలికాన్ రబ్బరుకు వినైల్ సిలేన్. దుకాణంలో ఏది ఉంటే అది తెచ్చి పూయడం కుదరదు.

ప్రయోగశాలలో కలుపుకునే పద్ధతి ఇది. ఇథనాల్ 95 భాగాలు, నీళ్ళు 5 భాగాలు. ఎసిటిక్ ఆమ్లం చుక్కలు వేసి పీహెచ్ 5 దగ్గరికి తేవాలి. కలుపుతూ 2 శాతం సిలేన్ పోసి ఐదు నిమిషాలు ఆగాలి. అప్పటికి మిథాక్సీ గుంపులు విడిపోయి సిలనాల్ అవుతాయి. శుభ్రం చేసిన వస్తువును అందులో ఒకటి రెండు నిమిషాలు ముంచి తీసి, ఇథనాల్‌తో ఒకసారి కడిగి, 110 డిగ్రీల్లో ఐదు నుంచి పది నిమిషాలు ఉంచాలి. పొయ్యి లేకపోతే పొడి గదిలో ఒక రోజు వదిలేయండి. అమైనో సిలేన్‌కి ఆమ్లం అక్కర్లేదు, అది తనంతట తానే విడిపోతుంది. కలిపిన ద్రవాన్ని రేపటికి దాచుకోవద్దు. గంటలు గడిచేకొద్దీ అణువులు తమలో తామే అల్లుకుని మబ్బు పట్టినట్టు తెల్లబడతాయి. అలా తెల్లబడితే పారబోయడమే.

ప్రైమర్ రెండు మూడు కోట్లు వేస్తే ఇంకా గట్టిగా పడుతుందా?

పడదు, ఇంకా ఊడుతుంది. సిలికాన్ ప్రైమర్‌లో ఉండేవి సాధారణంగా ఒక సిలేన్, ఒక సిలికేట్, టైటనేట్ ఉత్ప్రేరకం, ఇవన్నీ తేలిగ్గా ఆరిపోయే ద్రావకంలో. పలచగా తుడిస్తే గాలి తేమతో అది ముఖానికి అల్లుకుంటుంది. మందంగా పోస్తే పైన సుద్దపొడి లాంటి తెల్లటి పొర ఏర్పడుతుంది. సిలికాన్ ఆ పొడిని గట్టిగా పట్టుకుంటుంది, ఆ పొడి మాత్రం అడుగున దేన్నీ పట్టుకోదు. కనీకనపడని మసక చాలు. తెల్లగా కనిపించిందంటే పొడిగుడ్డతో తుడిచేయాలి.

ఆరడానికి అరగంట నుంచి గంట ఇవ్వండి. ప్రైమర్ రాసి భోజనానికి వెళ్ళొచ్చి సిలికాన్ వేస్తే తప్పేం లేదు. రాసి మర్నాడు వస్తే మాత్రం పైన దుమ్ము చేరి ఉంటుంది, మళ్ళీ మొదటి నుంచి తుడుచుకోవాల్సిందే. డబ్బా మూత తీసి పెట్టి పని చేసే అలవాటు చాలామందికి ఉంది. సాయంత్రానికి డబ్బాలోని ప్రైమరే గాలి తేమ తాగి చెడిపోతుంది. కావలసినంత చిన్న గిన్నెలోకి వంచుకుని మూత బిగించండి. మిగిలింది డబ్బాలోకి తిరిగి పోయకండి.

శుభ్రం చేశాం అంటారు అందరూ. ఎలా చేస్తే చేసినట్టు?

రెండు గుడ్డలతో. ఒక గుడ్డకు ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) లేదా అసిటోన్ తడిపి తుడవాలి. ఆ తడి ఆరక ముందే రెండో పొడిగుడ్డతో ఎత్తేయాలి. ఒకే గుడ్డతో తుడిచి గాలికి వదిలేస్తే ద్రావకం ఎగిరిపోతుంది, అందులో కరిగిన జిడ్డు వెనక్కి అక్కడే కూర్చుంటుంది. జిడ్డును తీయలేదు, సమంగా పరిచామంతే. గుడ్డ మడత ప్రతిసారీ మార్చాలి. రంగు గుడ్డలు, బనియన్ వేస్టు వద్దు, వాటిలోంచి రంగో నూలుపోగో దిగుతుంది. ద్రావకం డబ్బాలో గుడ్డను ముంచకూడదు, గుడ్డ మీద ద్రావకాన్ని వంచాలి. ఒక్కసారి మురికి గుడ్డ ముంచితే ఆ డబ్బా మొత్తం జిడ్డు నీళ్ళే.

పాలీకార్బొనేట్, ఎక్రిలిక్ షీట్ల మీద అసిటోన్ వాడొద్దు, పగుళ్ళు వస్తాయి. వాటికి ఐపీఏ చాలు. పౌడర్ కోటింగ్ ఉన్న అల్యూమినియం సెక్షన్ అయితే ముందు మూలన ఒకచోట తుడిచి రంగు దిగుతుందో లేదో చూసుకోవాలి. సిమెంటు, రాయి లాంటి వాటికి ద్రావకంతో పని లేదు. ముందు వైరు బ్రష్, తర్వాత దుమ్ము ఊదడం, అంతే. సున్నం పొడి మీద వేసిన సిలికాన్ సున్నంతో సహా ఊడి వస్తుంది.

శుభ్రమైందో లేదో చూడటానికి నీళ్ళు చిలకరించండి. నీళ్ళు పలచగా పరుచుకుంటే ముఖం సిద్ధం. బొట్లుబొట్లుగా ముడుచుకుంటే జిడ్డు ఇంకా ఉంది. ఆ తర్వాత నీళ్ళు పూర్తిగా ఆరనివ్వాలని చెప్పక్కర్లేదు కదా. కర్మాగారాల్లో ఇదే పనికి డైన్ పెన్నులు (ఉపరితల శక్తిని చూపే సిరా పెన్నులు) వాడతారు.

పుల్లటి వాసన వచ్చేది మంచిదా, వాసన లేనిదా?

పుల్లటి వాసన ఎసిటిక్ ఆమ్లానిది, అంటే వెనిగర్‌ది. ఆ రకం త్వరగా గట్టిపడుతుంది, చవక, అద్దానికి బ్రహ్మాండంగా పడుతుంది. చేపల తొట్టెలు అతికించేది దాంతోనే. ఆమ్లం తగిలితే చెడిపోయే చోట్ల మాత్రం దాన్ని దగ్గరికి రానివ్వకూడదు. రాగి, ఇత్తడి, జీఐ రేకు తుప్పు పడతాయి. నిలువుటద్దం వెనక వెండిపూత మచ్చలు పడుతుంది. కరెంటు బోర్డుల్లో కనెక్షన్లు పచ్చబడతాయి.

మన దగ్గర ముఖ్యంగా చెప్పాల్సింది రాళ్ళ సంగతి. తాండూరు బండ, బేతంచెర్ల నాపరాయి, కడప రాయి, మార్బుల్, ఇవన్నీ కాల్షియం కార్బొనేట్ ఉన్న రాళ్ళు. వంటింటి గట్టు కింద కడప రాయి, పైన గ్రానైట్ వేసి రెంటి మధ్య సందులో పుల్లటి సిలికాన్ కొడితే ఆమ్లం నాపరాయిని తింటుంది, బుడగలు వస్తాయి, అతుకు దగ్గర ఉప్పు లాంటి పొర మిగులుతుంది. గ్రానైట్ వైపు బిగుసుకుని, కడప రాయి వైపు మాత్రమే గీత గీసినట్టు ఊడిపోతుంది. ఇలాంటిది చూస్తే రాయి పేరు అడగకుండానే చెప్పేయొచ్చు. వీటికి న్యూట్రల్ సిలికాన్, అంటే గట్టిపడేటప్పుడు ఆమ్లం వదలని రకం వాడాలి. లేతరంగు రాయి అయితే మచ్చ పడని రకం అని ప్రత్యేకంగా అడిగి తీసుకోవాలి, మామూలువాటిలోని నూనె రాయిలోకి పాకి అంచు వెంట నల్లటి చార దిగుతుంది.

న్యూట్రల్‌లోనూ రెండు తెగలున్నాయి. ఆక్సైమ్ రకం రాగిని కొంత మచ్చ పరుస్తుంది. ఆల్కాక్సీ రకం సాధువు, కాకపోతే గట్టిపడటానికి కాస్త సమయం తీసుకుంటుంది.

పాత సిలికాన్ మీదే కొత్తది వేస్తే పని తగ్గుతుంది కదా?

సిలికాన్‌కి సిలికాన్ పడుతుంది, ఆ మాట నిజమే. అయితే పాతది శుభ్రంగా ఉండి, అడుగున గట్టిగా పట్టి ఉంటేనే. ఊడుతున్న దాని మీద వేస్తే ఊడేది ఇంకాస్త లావవుతుంది, అంతే. ఫంగస్ పట్టి నల్లబడిన పట్టీ మీద అయితే వేయనే వద్దు. బ్లేడుతో కోసి తీసేయండి. మిగిలిన పలచటి పొరను సిలికాన్ రిమూవర్‌తో మెత్తబరిచి గోకి, ఐపీఏతో తుడవండి. పని ఒక పూట ఎక్కువ పడుతుంది.

సిలికాన్ మీద గోడ రంగు వేయొచ్చా?

వేయలేరు. వేసినా గోటితో వస్తుంది. రంగు వేయాల్సిన సందు అయితే మొదటే ఎక్రిలిక్ సీలెంట్ వాడాలి.

కారు పెయింటింగ్ షెడ్లో రంగు మీద చిన్న చిన్న గుంటలు పడుతున్నాయి. దీనికీ సిలికాన్‌కీ సంబంధం ఉందంటున్నారు?

ఉంది. పెయింటర్లు ఫిష్ ఐ అనే ఆ గుంటలకు తరచూ కారణం డ్యాష్‌బోర్డు పాలిష్, టైర్ పాలిష్, బెల్టులకు కొట్టే స్ప్రే లాంటి వాటిలోని సిలికాన్ ఆయిలే. దీనికి వెనక ఉన్న కథను కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ పేజీలో ముందుముందు ఇదే మళ్ళీ వస్తుంది.

సిలికాన్‌లో అల్లికలో కలవని పొట్టి గొలుసులు ఎప్పుడూ కొన్ని మిగిలిపోతాయి. అవి కట్టు తెంచుకున్న దూడల్లాంటివి. ఒకచోట ఉండవు. రబ్బరు లోపలి నుంచి పైకి వస్తాయి, గుడ్డకు అంటుకుంటాయి, చేతికి అంటుకుంటాయి, కొన్ని ఆవిరై గాల్లో తిరుగుతాయి. రేకు మీద ఒక్క చుక్క కూర్చున్నా, తడి రంగు ఆ చోటు నుంచి చుట్టూ జరిగిపోతుంది. సిలికాన్ పని, పెయింట్ పని ఒకే షెడ్లో పెట్టకండి. గుడ్డలు, చేతి తొడుగులు, గాలి గొట్టం కూడా వేరుగా ఉండాలి. చాలామంది ఇది చాదస్తం అనుకుంటారు, ఒక బండి రంగు మొత్తం గోకాల్సి వచ్చేదాకా.

పాలీప్రొపిలిన్, పాలిథిన్ భాగాల మీద సిలికాన్ పూత నిలవడం లేదు. ఏం చేయాలి?

ముఖాన్ని మార్చాలి. మంట చూపడం, కరోనా (ఎక్కువ వోల్టేజితో గాలిలో పుట్టించే విద్యుత్ మెరుపు), ప్లాస్మా (విద్యుత్తుతో చార్జి ఎక్కించిన వాయువు), ఈ మూడూ చేసేది ఒకే పని: ప్లాస్టిక్ పై పొరలోని కార్బన్ బంధాలను తెంచి అక్కడ ఆక్సిజన్ గుంపులు కూర్చోబెట్టడం. అప్పుడు సిలేన్‌కో ప్రైమర్‌కో పట్టుకోవడానికి కొక్కేలు దొరుకుతాయి. ఫిల్మ్ చుట్టలకు కరోనా, బంపర్లు, సీసాల వంటి లావు భాగాలకు మంట, చిన్న ఖరీదైన భాగాలకు ప్లాస్మా. మంట నీలంగా, ఆక్సిజన్ పుష్కలంగా ఉండాలి. పసుపు మంట మసి పూస్తుంది తప్ప మేలు చేయదు. సెకనులో చిన్న వంతు సేపు తగిలితే చాలు, ప్లాస్టిక్ మెరుపు తగ్గిందంటే ఎక్కువైనట్టే.

గరుకు కాగితంతో రుద్దితే చాలదా అని అడుగుతారు. లోహం మీద సాయపడుతుంది. పాలీప్రొపిలిన్ మీద రుద్దితే గరుకు పాలీప్రొపిలిన్ వస్తుంది.

సిలికాన్ రబ్బరుకే ప్లాస్మా చేశాం, బాగా అంటుకుంది. మర్నాడు అదే ముక్క అంటుకోవడం లేదు. యంత్రం చెడిందా?

యంత్రం బాగానే ఉంది. ప్లాస్మా తగలగానే పైన మిథైల్ గుంపులు పోయి సిలనాల్ వస్తుంది, నీళ్ళు పరుచుకుంటాయి. తర్వాత గంటలు గడిచేకొద్దీ లోపలి పొట్టి గొలుసులు పైకి పాకి, మెత్తటి గొలుసులు కూడా అటు ఇటు తిరిగి, ముఖం మళ్ళీ పాత జిడ్డు స్థితికి వస్తుంది. అందుకే ప్లాస్మా చేసిన నిమిషాల్లోనే అతికించేయాలి. ఆగక తప్పకపోతే నీళ్ళలో ముంచి ఉంచితే కొంత ఆలస్యమవుతుంది. పొట్టి గొలుసులను ముందే హెక్సేన్ లాంటి ద్రావకంలో నానబెట్టి లాగేస్తే ఇంకా నయం.

వెంట్రుక సన్నపు కాలువలున్న మైక్రోఫ్లూయిడిక్ చిప్పులు చేసేవాళ్ళకు ఇది నిత్య అనుభవం. 1998లో హార్వర్డ్‌లో జార్జ్ వైట్‌సైడ్స్ బృందం సిలికాన్ రబ్బరును, గాజును ఆక్సిజన్ ప్లాస్మాలో పెట్టి తీసి, వెంటనే ఒకదాని మీద ఒకటి ఆనిస్తే జిగురు లేకుండానే శాశ్వతంగా కలిసిపోతాయని చూపింది. ఆ పద్ధతి ప్రయోగశాలల్లో ఇప్పటికీ నడుస్తోంది. అందులోనూ అనుభవజ్ఞులు ఒక మాట చెబుతారు: ప్లాస్మా ఎక్కువసేపు కొడితే పైన గాజులాంటి పెళుసు పొర ఏర్పడి పగుళ్ళు వస్తాయి, ఆ పగుళ్ళ గుండా పొట్టి గొలుసులు ఇంకా వేగంగా బయటికి వస్తాయి.

రెండు భాగాల సిలికాన్ అచ్చు పోశాం. మధ్యలో గట్టిపడింది, అంచులు జిగటగా ఉండిపోయాయి. పాళ్ళు తప్పాయా?

పాళ్ళు తప్పితే మొత్తం జిగటగా ఉండేది. తాకిన చోటే జిగట అంటే ప్లాటినం ఉత్ప్రేరకానికి విషం తగిలింది. గంధకం, అమైన్లు, టిన్ లవణాలు దాని పాలిట విషాలు. రబ్బరు చేతి తొడుగులు, కొన్ని రకాల మట్టి నమూనాలు, ఇంకా పూర్తిగా ఆరని ఎపాక్సీ, టిన్‌తో గట్టిపడే సిలికాన్‌లో చేసిన పాత అచ్చు, వీటిలో ఏదైనా కావచ్చు. పళ్ళ కొలత తీసే డాక్టర్లు లేటెక్స్ తొడుగులతో ఆ ముద్ద కలపకపోవడానికి కారణం ఇదే. వినైల్ లేదా నైట్రైల్ తొడుగులు వాడండి. అనుమానం ఉన్న వస్తువు మూల మీద చెంచాడు పోసి ముందు పరీక్షించండి.

ఎండాకాలంలో ఒకలా, వానాకాలంలో ఒకలా గట్టిపడుతోంది. ఏ కాలం మంచిది?

ట్యూబు సిలికాన్ గట్టిపడటానికి ఎండ కాదు, తేమ కావాలి. 23 డిగ్రీలు, 50 శాతం తేమలో మొదటి రోజు రెండు మూడు మిల్లీమీటర్ల లోతు గట్టిపడుతుంది. ఆ తర్వాత వేగం పడిపోతుంది, ఎందుకంటే తేమ ఆ గట్టి పొరను దాటుకుని లోపలికి వెళ్ళాలి. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్ పొడిగాలిలో పని ఇంకా మెల్లగా సాగుతుంది. కాకినాడలో, విశాఖలో అదే ట్యూబు చకచకా చర్మం కట్టేస్తుంది, గరిటె పెట్టే లోపే.

ఎండ వల్ల ఇంకో చిక్కుంది. మధ్యాహ్నం ఎండకి కాలిన అల్యూమినియం మీద సిలికాన్ వేస్తే లోపలి గాలి, ద్రావకం ఉబ్బి బుడగలు వస్తాయి. పైగా సాయంత్రానికి లోహం చల్లబడి కుంచించుకుంటుంది, ఇంకా పచ్చిగా ఉన్న అతుకు లాగబడుతుంది. ముఖం వేడి 40 డిగ్రీలు దాటితే ఆగండి. మే నెలలో తెల్లవారుజామున మొదలుపెట్టి పదింటికల్లా ముగించే జట్టు పని ఎప్పుడూ బాగుంటుంది. వానాకాలంలో చూడాల్సింది మంచు తడి. చేతికి తెలియని పలచటి తడి ఉన్నా పట్టు పోతుంది.

ఇంకొకటి. గట్టిపడటం వేరు, పట్టు రావడం వేరు. పైకి రబ్బరులా అయిన వారానికి కూడా పట్టు ఇంకా పెరుగుతూనే ఉంటుంది, రెండు మూడు వారాలు పట్టొచ్చు. మూడో రోజే లాగి చూసి బాగోలేదనడం తొందరపాటు.

గచ్చిబౌలి వైపు ఆ అద్దాల మేడలన్నీ సిలికాన్ మీదే నిలబడ్డాయా?

బయట ఫ్రేము కనపడని చాలా అద్దాల ముఖభాగాల్లో అద్దాన్ని పట్టుకున్నది సిలికానే. నాలుగు వైపులా సిలికాన్‌తోనే అద్దాలు నిలిపిన మొదటి భవనం 1971లో అమెరికాలోని డెట్రాయిట్‌లో వచ్చింది. ఈ పనికి వాడే సిలికాన్ కనీస బలం 0.345 మెగాపాస్కల్ ఉండాలని అమెరికా ప్రమాణాల సంస్థ ఏఎస్‌టీఎం వారి సి 1184 ప్రమాణం చెబుతుంది. లెక్క వేసేటప్పుడు మాత్రం గాలి ఒత్తిడికి 0.14 మాత్రమే అనుకుని వెడల్పు నిర్ణయిస్తారు. అంత జాగ్రత్త ఎందుకంటే బలం పదార్థానిది, పట్టు మాత్రం ఆ రోజు తుడిచిన గుడ్డది.

అందుకే ఈ అతుకులు ఎత్తు మీద కాకుండా షెడ్లో, దుమ్ము లేని చోట వేసి గట్టిపడ్డాక పైకి ఎక్కించడం మంచి పద్ధతి. యానొడైజ్ చేసిన సెక్షన్ మీద సాధారణంగా ప్రైమర్ అక్కర్లేదు. పీవీడీఎఫ్ (ఫ్లోరిన్ ఉన్న ప్లాస్టిక్) పూత ఉన్న సెక్షన్ మీద తరచూ కావాలి. ఏ బ్యాచ్ సెక్షన్ వచ్చినా ముక్క కోసి పరీక్షకు పెట్టాలి. పోయిన నెల బాగుంది కదా అన్నది పరీక్ష కాదు.

పట్టు సరిగా ఉందో లేదో సైటులో ఎలా చూడాలి?

చేత్తో లాగి. ఏఎస్‌టీఎం సి 1521లో ఉన్నదీ ఇదే తరహా. పూర్తిగా గట్టిపడిన అతుకును అడ్డంగా ఒకసారి కోసి, రెండు పక్కలా అంచుల వెంట రెండు మూడు అంగుళాలు కోసి, ఆ తోకను పట్టుకుని నిలువుగా లాగండి. తోక సాగి సాగి మధ్యలో తెగితే పాస్. అంచు నుంచి శుభ్రంగా లేచి వస్తే ఫెయిల్, ఎంత బలంగా లాగాల్సి వచ్చినా సరే. కోసిన చోట మళ్ళీ సిలికాన్ నింపేయండి.

పూతల విషయంలో ఒక హెచ్చరిక. గళ్ళు గీసి టేపు అంటించి పీకే పరీక్షను మామూలు పెయింట్లకు వాడతారు. సిలికాన్ పూతకు కూడా అదే చేసి "ఒక్క గడి కూడా లేవలేదు, వందకు వంద" అని రిపోర్టు ఇచ్చినవాళ్ళను చూశాను. సిలికాన్‌కి టేపే అంటదు, ఇక గడి ఎలా లేస్తుంది? సిలికాన్ జిగురు ఉన్న టేపు వాడాలి, లేదా గోటితో గట్టిగా రుద్ది చూడాలి. గోటి కింద చుట్టలు చుట్టుకుని లేస్తే పట్టు లేదు. ఇంకా నిక్కచ్చిగా కావాలంటే వేడినీళ్ళలో కొన్ని గంటలు ఉంచి మళ్ళీ లాగండి. పొడిగా ఉన్నప్పుడు అన్నీ బాగానే పడతాయి. నీరు సందు చేసుకుని ఆ బంధాలను మళ్ళీ విడదీస్తుంది కాబట్టి అసలు పరీక్ష తడిలోనే.

బాయిలర్ పొగగొట్టానికి వేడి తట్టుకునే సిలికాన్ పెయింట్ వేశాం. నెలకే పెచ్చులు లేచింది.

మందంగా వేసి ఉంటారు. సిలికాన్ అల్యూమినియం పెయింట్ ఒక కోటు 20 నుంచి 25 మైక్రాన్లే ఉండాలి. మిగతా పెయింట్ల అలవాటుతో మందం వేస్తే లోపలి ద్రావకం వేడికి ఉబ్బి బొబ్బలు వస్తాయి. అడుగున తుప్పు పూర్తిగా పోయేలా ఇసుక లేదా గ్రిట్ బ్లాస్టింగ్ చేయాలి, వైరు బ్రష్ సరిపోదు. మామూలు రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ వేయకూడదు, వేడికి అది కాలిపోతుంది, పైది దానితోపాటే రాలుతుంది. జింక్ సిలికేట్ ప్రైమర్ అయితే 400 డిగ్రీల దాకా నిలుస్తుంది. పెయింట్ వేశాక బాయిలర్‌ని ఒక్కసారిగా పూర్తి మంటకు తీసుకెళ్ళొద్దు. మెల్లగా పెంచి 200 డిగ్రీల దగ్గర గంట ఉంచితే రెజిన్ అల్లుకుంటుంది. అప్పటిదాకా అది గోటికి వచ్చేంత మెత్తనే.

సముద్రం పక్క సబ్‌స్టేషన్లలో పింగాణీ ఇన్సులేటర్లకు సిలికాన్ పూత వేస్తారు. మళ్ళీ వేయాల్సి వస్తే?

తీరం వెంట గాలిలో ఉప్పు పింగాణీ మీద పేరుకుంటుంది, మంచు పడితే కరిగి కరెంటుకు దారి ఇస్తుంది. అందుకని 0.3 నుంచి 0.5 మిల్లీమీటర్ల సిలికాన్ పూత వేస్తారు. దీని గొప్పతనం నీళ్ళు నిలవనివ్వకపోవడం ఒక్కటే కాదు. పైన దుమ్ము చేరినా, పూతలోని పొట్టి గొలుసులు ఆ దుమ్ములోకి కూడా పాకి దాన్ని కూడా నీళ్ళు అంటకుండా చేస్తాయి. పెయింట్ షెడ్లో దొంగలైన ఆ పొట్టి గొలుసులే ఇక్కడ కాపలాదార్లు.

మళ్ళీ పూత వేసేటప్పుడు ఆ నూనె పట్టిన దుమ్మే అడ్డం. పైపైన నీళ్ళు కొడితే పోదు. ఎక్కువ ఒత్తిడి నీళ్ళతో కడగడం, లేదా మొక్కజొన్న కండె పొడి లాంటి మెత్తటి రజనుతో ఊది శుభ్రం చేయడం, ఆ తర్వాత ద్రావకంతో తుడవడం. పాత పూత గట్టిగా ఉంటే దాని మీదే కొత్తది వేయొచ్చు. పొరలు లేస్తుంటే మొత్తం తీయాలి.

పట్టు ఎక్కువై నష్టం వచ్చే సందర్భం ఉంటుందా?

ఉంటుంది. కదిలే సందులో సిలికాన్ రెండు పక్కలకే అంటాలి, అడుగుకు అంటకూడదు. మూడు వైపులా అంటితే సాగడానికి చోటు లేక మధ్యలో చిరిగిపోతుంది. అందుకే అడుగున ఫోమ్ తాడు పెడతారు. లోతు లేని సందైతే పాలిథిన్ టేపు. ఆ టేపుకు సిలికాన్ అంటదన్న సంగతే ఇక్కడ ఉపయోగం.

సిలికాన్ రబ్బరును ప్లాస్టిక్ మీదే నేరుగా పోత పోసే పరిశ్రమల్లోనూ ఇదే తలనొప్పి. తనంతట తానే అంటుకునే రకం సిలికాన్ వాడితే నైలాన్ మీద అంటుతుంది, స్టీలు అచ్చుకూ అంటుతుంది. అచ్చుకు టెఫ్లాన్ రకం పూత వేసుకోవాల్సి వస్తుంది.

చేపల తొట్టెకి బాత్రూం సిలికాన్ వాడొచ్చా?

వద్దు. బాత్రూం రకంలో ఫంగస్ మందు కలుపుతారు, చేపలకు అది విషం. తొట్టెలకని రాసి ఉన్నదే తీసుకోండి, వాసన పూర్తిగా పోయేదాకా, కనీసం వారం, నీళ్ళు పోయకండి.

సిలికాన్ రిస్ట్‌బ్యాండ్లు, ఫోన్ కవర్ల మీద ప్రింటింగ్ చెరిగిపోతోంది.

మామూలు ఇంకు నిలవదు. సిలికాన్ ఆధారిత ఇంకే వాడి, వేడిలో గట్టిపరచాలి.

పోయిన ఏడాది తెరిచిన ట్యూబు మిగిలింది. వాడొచ్చా?

నాజిల్‌లో గట్టిపడిన ముక్కను మేకుతో లాగేయండి. వెనక మెత్తగా, గడ్డలు లేకుండా వస్తే పెద్ద ప్రమాదం లేదు, కానీ డబ్బా మీద తేదీ దాటిందంటే చర్మం కట్టినా పట్టు రాకపోవచ్చు. తుడిచిన అద్దం ముక్క మీద ఒక గీత గీసి వారం ఆగండి. బ్లేడుతో గోకాల్సి వస్తే వాడుకోండి. గోటికి లేచి వస్తే ట్యూబును చెత్తలో వేసి, ఆ అద్దాన్ని బాగా తుడిచి పెట్టుకోండి, కొత్త ట్యూబును పరీక్షించడానికి పనికొస్తుంది.